డాబా మీద తొమ్మిది సాసర్లు

3 మార్చి 1941, సోమవారం. నరసరావుపేట

మస్తానన్నయ్య మమ్మల్ని చూడ్డానికి వస్తానన్నాడట. ఆయన ప్లీడరుగారి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా ఆ మాట చెప్పారు. చెబుతూ ఎడమ భుజం తడుముకున్నారు. తడుముకున్నట్టు ఆయనకే తెలియదు. మూడేళ్ళ కింద కోటప్పకొండ మెట్ల మీద, నా మెడలో తాళి పడి గంట కాకముందే, అన్నయ్య గొడ్డలి దిగింది ఆ భుజంలోనే. కొత్త పంచె మోకాళ్ళ దాకా ఎర్రగా తడిసింది. నేను ఆ గొడ్డలికామ పట్టుకుని వేలాడాను. లేకపోతే రెండో దెబ్బ మెడ మీద పడేది.

అన్నయ్యను తప్పు పట్టలేను, పట్టకుండానూ ఉండలేను. పొలం గట్టు తగాదాలో మా నాన్నను నరికిన కేసులో మొదటి ముద్దాయి మా మామగారు. సాక్ష్యం చాలదని కోర్టు వదిలేసింది. ఆ తరువాత ఏడాదికి మామగారు విషజ్వరంతో మంచం మీద పోయారు. అన్నయ్యకు ఆ మంటే ఎక్కువ. "వాడు మంచం మీద ఎట్టా పోతాడే" అని గోడకు తల బాదుకున్నాడు. అలాంటి ఇంట్లో అబ్బాయిని నేను చేసుకున్నాను. నీకు ఊళ్ళో ఇంకెవడూ దొరకలేదా అని అడగని వాళ్ళు లేరు. దొరకలేదు మరి.

అత్తయ్య మాత్రం ఒక పట్టాన నమ్మలేదు. "రాజీ అంటే మాటలు గాదురా అంకారావూ. ఒకే పళ్ళెంలో ఉప్పు పడ్డ కూడు ఇద్దరూ తినాల. ఉప్పు తిన్నాక మన ఊళ్ళో ఎవుడూ కత్తెత్తడు. వాణ్ణి ముందు మనింటికొచ్చి తినమను."

"ఇంటికి రాడంటమ్మా. మజీద్ సాయిబు హోటలు డాబా మీదైతే వస్తాడంట. ఇంటో తిన్నా డాబా మీద తిన్నా ఉప్పు ఉప్పేగా" అన్నారు ఆయన.

అత్తయ్య చేటలో కందిపప్పు నేల మీదికి కూడా ఎగిరేలా చెరిగింది.

5 మార్చి

ఆకుపచ్చ చీరా, నేరేడుపండు రంగు చీరా? అన్నయ్యకు ఆకుపచ్చ ఇష్టం. ఆయనకు నేరేడు. తేలలేదు.

8 మార్చి, శనివారం

నేరేడు రంగే కట్టాను.

ఆడది హోటలు మెట్లెక్కడమే పేటలో వింత. అందులోనూ సాయిబుల హోటలు. పక్కింటి పాపమ్మ రేపటికల్లా ఊరంతా చాటింపు వేస్తుంది, వెయ్యనీ. మజీద్ సాయిబు మా కోసం డాబా అంతా ఖాళీ చేయించి, వీధి వైపు దుప్పట్లు కట్టించాడు. స్టేషను వైపు మాత్రం తెరిచి ఉంచాడు. అన్నయ్య రావడానికి ఇంకా అరగంట ఉందనగా మేమిద్దరమే పైన ఉన్నాం. దూరంగా కోటప్పకొండ మూడు శిఖరాలూ మసక మసగ్గా కనిపించాయి. ముప్పాతిక చంద్రుడు అప్పుడే పైకెక్కి ఉన్నాడు. కింద నుంచి గ్రామఫోను వినిపిస్తోంది. ఆయన నా చెయ్యి బల్ల కింద పట్టుకుని, "రత్నం, ఇక చీకటి పడితే తలుపు గడియ రెండుసార్లు చూసుకోనక్కర్లేదు" అన్నారు. మూడేళ్ళుగా నేనొక్కదాన్నే చూసుకుంటున్నాననుకున్నాను. ఆయనా చూస్తున్నారన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కాటుక పోతుందని నవ్వాను.

అన్నయ్య వచ్చాడు. చెంప మీద ఒక వెంట్రుక నెరిసింది. నన్ను చూసి "ఏమే, చిక్కిపోయావు" అన్నాడు. ఆ ఒక్క మాటకి మూడేళ్ళ కోపం ఎటు పోయిందో తెలియదు.

సాయిబు రంగూన్‌లో పదేళ్ళు హోటల్లో పనిచేసి వచ్చిన మనిషి. అక్కడి పద్ధతే ఇక్కడా పెట్టాడు. ఏదీ పళ్ళెం నిండా పెట్టడు. టీ సాసర్లలో కొంచెం కొంచెంగా, ఒకదాని వెనక ఒకటి తెచ్చి బల్ల మధ్యలో పెడతాడు. అందరూ అన్నిట్లోనూ చెయ్యి పెట్టాలి. "కడుపు నింపుకోడానికి ఇల్లుందమ్మా. ఇక్కడ కబుర్లు నింపుకోవాల" అంటాడు. సమోసాలు, కీమా కబాబులు, మిరపకాయ బజ్జీలు, పెసర పునుగులు, కారం బొరుగులు. జిలేబీ, గోధుమ హల్వా, కోవా, కజ్జికాయలు. మొత్తం తొమ్మిది సాసర్లు.

అన్నయ్య బాగా తిన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి తీపి అంటే ప్రాణం.

మధ్యలో అన్నయ్య "ఏది బావా, ఆ భుజం చూపియ్" అన్నాడు. ఆయన చొక్కా పక్కకు లాగి చూపించారు. అన్నయ్య మచ్చ మీద బొటనవేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా నడిపించాడు. "బానే మానిందే" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నేనే ముందు నవ్వాను.

వెళ్ళేటప్పుడు అన్నాడు: "మంగళారం ఊరికి రా బావా. గట్టు సంగతి మనిద్దరం నిలబడి తేల్చుకుందాం. తర్వాత రత్నాన్ని తోలకరా. అమ్మ చూడాలంటంది."

అమ్మ చూడాలంటోంది.

9 మార్చి

రాత్రి అత్తయ్య అడిగింది, తిన్నాడా అని. తిన్నాడని చెప్పాను. ఎంత తిన్నాడని అడిగింది. సాసర్లు ఖాళీ అయ్యాయన్నాను. అత్తయ్య దేవుడి పటానికి దండం పెట్టుకుంది.

సాసర్లు ఖాళీ అయిన మాట నిజమే. కబాబులు ఆయన ఒక్కరే తిన్నారు. అన్నయ్య సాయిబుల ఇంటి మాంసం ముట్టడు కాబోలు. అంతే అయి ఉంటుంది.

11 మార్చి, మంగళవారం

పొద్దున మాచర్ల రైలుకి ఆయన వెళ్ళారు. అక్కడి నుంచి ఊరికి ఎడ్లబండి. స్టేషనుకు నేనూ వెళ్ళాను. వెళ్ళొద్దు అనే మాట నోటిదాకా వచ్చింది. "ఏంది రత్నం?" అన్నారు. "అమ్మకు తమలపాకులు ఇష్టం, దారిలో కొనండి" అన్నాను.

12 మార్చి

రాలేదు.

14 మార్చి. ఊళ్ళో

ఊళ్ళో పొలం చూసుకునే మరిది నిన్న వచ్చి నన్నూ అత్తయ్యనూ ఊరికి తీసుకొచ్చాడు.  మాచర్ల నుంచి బండిలో వస్తుంటే వాగు దగ్గర ఇసుక నల్లగా ఉన్న చోట ఎడ్లు బెదిరి నిలబడిపోయాయి. మరిది దిగి, కండువాతో వాటి కళ్ళు మూసి దాటించాడు.

మంగళవారం మిట్టమధ్యాహ్నం జరిగిందట. ఎండలో, దారి మీద. చూసినవాడు ఎవడూ లేడట. పగటిపూట అంత పెద్ద దారిలో కాకి కూడా లేదట.

ఆయన్ని అత్తయ్యే కడిగింది. నన్ను పక్కకు పొమ్మంది, నేను పోలేదు. తల మీద రెండు. మెడ మీద ఒకటి, సగం దాకా. కుడి చెయ్యి మణికట్టు దగ్గర తోలుకి వేలాడుతోంది. అడ్డం పెట్టి ఉంటారు. ఎడమ భుజం మీద ఒకటి, సరిగ్గా పాత మచ్చ మీదే. ప్రాణం తీయడానికి ఆ దెబ్బ అక్కర్లేదు. తమలపాకుల కట్ట చొక్కా జేబులోనే ఉంది. అది కూడా రక్తంలో నానిపోయింది.

చెయ్యి ఊడిపోకుండా నా చీర కొంగు చించి కట్టాను. నేరేడు రంగు చీర.

15 మార్చి

ఆయన చితికి అన్నయ్యే కట్టెలు మోశాడు.

16 మార్చి

ఇన్‌స్పెక్టరు వచ్చి చావట్లో కూర్చున్నాడు. మునసబు జానకిరామయ్య గారు, పెద్దమనుషులు నలుగురు ఒకటే మాట: "మొన్న శనారం పేటలో ఇద్దరూ కలిసి తిన్నారయ్యా. రాజీ అయిపోయింది. తిన్నాక కత్తెత్తే కొంప గాదు మస్తాన్‌రావుది. ఇది దారిదొంగల పని." వాళ్ళు అబద్ధమాడటం లేదు. నిజంగానే నమ్ముతున్నారు. ఈ ఊళ్ళో మనుషుల్ని చంపుతారు గానీ ఉప్పు మాట తప్పరు.

అన్నయ్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి అడిగాడు. "ఏమ్మా, మీ అన్న ఆ రోజు మీతో తిన్నాడా?"

"తిన్నాడు" అన్నాను.

17 మార్చి

తిన్నాడు. అందులో అబద్ధం ఏముంది?

19 మార్చి

అన్నయ్యకు తీపి పడదు. చిన్నప్పుడు బెల్లం ముక్క పెడితే తీసుకెళ్ళి దూడ నోట్లో పెట్టేవాడు. పెళ్ళిళ్ళలో బూరెలు నా ఆకులోకి గిరాటు వేసేవాడు. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు. ఇంకెవరికీ తెలియాల్సిన పని లేదు.

ఆ రోజు నాలుగు తీపి సాసర్లూ వాడొక్కడే ఖాళీ చేశాడు. నీళ్ళు తాగుతూ, మింగుతూ. మందు మింగినట్టు మింగాడు.

21 మార్చి, పెద్దకర్మ

మజీద్ సాయిబు పేట నుంచి వచ్చాడు. పందిట్లోకి రాకుండా బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు. నేనే వెళ్ళాను.

"అమ్మా, మడిసి ఏం తింటన్నాడో, ఏం వదిలేత్తన్నాడో చూట్టమే నా పని. పదేళ్ళు రంగూన్‌లో చేసింది అదే" అన్నాడు. "మాంసం ముట్టలేదంటే సరేలే అనుకున్నా. మా దర్గాకి మొక్కుకుని మస్తాన్ అని పేరెట్టుకున్నోడికి మా ఇంటి బజ్జీ గూడా చేదయిందా? అదే చేత్తో చేసిన హల్వా ఎట్టా తిన్నాడు?"

నేను కాళ్ళ దగ్గర రాలిన వేపపువ్వు చూస్తూ నిలబడ్డాను.

"నన్ను పోలీసోళ్ళు అడగలేదు. అడిగితే చెప్తా. నువ్వు చూశావా అని మాత్రం నేను నిన్నడగనమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

23 మార్చి

నేను చూశాను.

ఇన్ని రోజులు కాగితం మీద కూడా అబద్ధం రాసుకున్నాను. ఈ డైరీ ఎవరు చదువుతారని? ఎవరి ముందు నటించాను?

జరిగింది ఇది. పునుగుల సాసరు వాడి ముందుకు నేను జరిపాను. వాడు రెండు వేళ్ళతో దాన్ని వెనక్కి నెట్టాడు. నేను తలెత్తాను. వాడూ తలెత్తాడు. నా కళ్ళలోకి చూశాడు. నేను ఈ ఊరి పిల్లను కానా, ఆ చూపు అర్థం కాకపోవడానికి? ఒక్క పునుగు తినన్నయ్యా అని గట్టిగా అంటే చాలు, ఆయనకు తెలిసిపోయేది. నేను కోవా సాసరు వాడి ముందుకు జరిపాను.

ఎందుకంటే వాడు నన్ను ఏమే అన్నాడు. చిక్కిపోయావన్నాడు. అమ్మ చూడాలంటోందన్నాడు. నాకు అమ్మ కావాలి. మూడేళ్ళుగా అమ్మ కావాలి. ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకుని మొగుణ్ణి రైలెక్కించాను.

24 మార్చి

సాయంత్రం పొయ్యి దగ్గర అత్తయ్యకు చెప్పేశాను. పొద్దున్నే ఇన్‌స్పెక్టరుకు కూడా చెబుతానన్నాను.

"నువ్వు చూశావా?" అంది.

"చూశా."

"చూసి పంపావా?"

"పంపా."

అత్తయ్య పొయ్యిలోంచి కట్టె లాగి నా వీపు మీద కొట్టింది. రెండోది మెడ మీద. జాకెట్టు అంటుకుంటే తనే చేత్తో ఆర్పి మళ్ళీ కొట్టింది. కట్టె విరిగిపోయాక చేతులతో కొట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆయన పోయాక నా ఒంటికి సరిపడ్డది అదొక్కటే. చివరికి ఇద్దరం నేల మీద పడి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

లేచేసరికి గడప దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "ఉప్పుది తినలేదా వదినా? ఒక్కటి గూడానా?" అని అడిగాడు. ఒక్కటి కూడా లేదన్నాను. అది చెప్పాల్సింది ఇన్‌స్పెక్టరుకి. వీడికి కాదు. రాస్తుంటే ఇప్పుడు తోస్తోంది.

26 మార్చి

మరిది నిన్న మధ్యాహ్నం కళ్ళంలో అన్నయ్యను నరికాడు. నేను మాచర్ల దారిలో పోలీసుల దగ్గరికి వెళ్తుంటేనే కబురు వచ్చింది. జొన్న కంకుల మీద బోర్లా పడి ఉన్నాడు. మరిదికి వీళ్ళలాగా దెబ్బల లెక్క తెలియదు, కొత్తవాడు. ఎక్కడ పడితే అక్కడ కొట్టాడు. ముఖం గుర్తుపట్టే వీల్లేదు. చెవి కింద పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టాను.

నోరు మూసుకుని ఒకణ్ణి చంపాను. తెరిచి ఇంకొకణ్ణి చంపాను.

మా అమ్మ వీరరాఘవమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. మూడేళ్ళ తరువాత నేను అమ్మను చూడటం ఇదే. నన్ను చూసి ఏడుపు ఆపింది.

"నా బిడ్డ ధర్మం తప్పలేదే. ఉప్పు ముట్టొద్దురా అని నేనే చెప్పి పంపా. తీపి పడదమ్మా అన్నాడు. నీ అబ్బ కోసం మింగరా అన్నా. మింగాడు. వాడు మాట తప్పినోడని ఎవురన్నా అంటే నాలుక కోస్తా."

జుట్టు పట్టుకుని నా తల కళ్ళం గట్టుకు కొట్టింది. నాన్న వైపు దాయాదులు, మా పాలోళ్ళు, వచ్చి విడిపించారు.

28 మార్చి

ఉగాదట.

2 ఏప్రిల్

మరిది ఇంట్లో అటక మీద ఉన్నాడు. బయట మా అమ్మ తరఫు పాలోళ్ళు పదిమంది, గొడ్డళ్ళు దాచుకోను కూడా లేదు, అరుగుల మీద పెట్టుకుని కూర్చున్నారు. పోలీసులు తీసుకెళ్ళాలన్నా ఊరు దాటాలి, వాగు దాటాలి. ఇద్దరు కానిస్టేబుళ్ళు పదిమందిని ఏం ఆపుతారు? మునసబుగారు రాజీ పెట్టించారు. ఆదివారం చావట్లో మా అమ్మా, అత్తయ్యా ఒకే పళ్ళెంలో తినాలి. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులే కలిసి తింటే ఇక ఎవరూ కత్తెత్తరట. తరువాత మరిది లొంగిపోయి జైలుకి పోతాడు. ఉరి వేస్తారో, వదిలేస్తారో. దారిలో మాత్రం ప్రాణం ఉంటుంది.

అత్తయ్య ఒప్పుకుంది. ఆశ్చర్యం, మా అమ్మ కూడా ఒప్పుకుంది.

6 ఏప్రిల్, ఆదివారం

అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఎడమ చేత్తో రాస్తున్నాను.

వడ్డన నాదే అన్నారు. రెండు ఇళ్ళకూ చెందినదాన్ని నేనొక్కదాన్నే గనక. పెద్ద కంచు పళ్ళెంలో అన్నం, పప్పు, గోంగూర పచ్చడి, ఒక పక్కన పరమాన్నం పెట్టాను. శుభం కనక తీపి ఉండాలని మునసబుగారే పెట్టించారు. చావడి చుట్టూ ఊరంతా ఉంది. పాలోళ్ళు ముందు వరసలో ఉన్నారు. మరిది కానిస్టేబుళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళవాడు, పదిరోజుల్లో ముసలివాడిలా అయ్యాడు.

ముందు అత్తయ్య పప్పన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. కొడుకును చంపినవాడి తల్లితో ఒక పళ్ళెంలో. ఆమెకు దండం పెట్టాలి.

మా అమ్మ చెయ్యి పళ్ళెంలోకి వచ్చింది.  చెయ్యి అన్నం దాటింది, పచ్చడి దాటింది, పరమాన్నం దగ్గర ఆగింది. అందులోంచి ఇంత తీసుకుని నోట్లో వేసుకుంది. అమ్మ మింగింది. "తిన్నా" అంది.

"తిన్నదయ్యా, ఇంకేం" అంటూ మునసబుగారు లేవబోయారు. జనం కూడా లేచారు. పాలోళ్ళలో ఒకడు నేల మీది గొడ్డలి అందుకోవడం చూశాను.

అమ్మ నా వైపు చూసింది. డాబా మీద వాడు చూసిన చూపే. చెప్పవుగా, అనే చూపు.

నేను పళ్ళెం ముందు కూర్చుని పప్పన్నంలో గోంగూర కలిపి ఇంత ముద్ద చేశాను. ఎడమ చేత్తో అమ్మ జుట్టు ముడి పట్టుకుని తల వెనక్కి వంచాను. పెదాలు బిగించింది. దవడలు నొక్కాను. కన్నతల్లి దవడలు, ఎముక తెలిసేలా నొక్కాను. తెరుచుకోగానే ముద్దను వేళ్ళతో గొంతు దాకా తోశాను. అమ్మ కొరికింది. చూపుడువేలు ఎముక దాకా తెగింది. నేను చెయ్యి తీయలేదు. నా ముఖం మీద గోళ్ళతో గీరింది, కాళ్ళతో తన్నింది. ఎవరో నన్ను లాగబోతే అత్తయ్య "దాని మీద చెయ్యెయ్యబాకండి" అని అరిచింది. పప్పూ రక్తమూ కలిసి అమ్మ గడ్డం మీదుగా కారాయి. ఆమె గొంతు కదిలేదాకా పట్టుకునే ఉన్నాను.

"మింగు" అన్నాను. "నాన్నకోసం వాడు మింగాడు. నాకోసం నువ్వు మింగు."

గొంతు కదిలింది.

వదిలాక చాలాసేపు దగ్గింది. ఊరంతా చూస్తోంది. అమ్మ నోరు తుడుచుకుని పాలోళ్ళ వైపు తిరిగింది. వాళ్ళు తన నోటి మాట కోసం చూస్తున్నారు. అమ్మ పళ్ళెంలోకి ఒకసారి చూసింది. తరువాత, "ఉప్పు దిగింది. ఇంకేం జేత్తాం" అంది. నా వైపు మళ్ళీ చూడలేదు. ఇక ఎప్పటికీ చూడదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే చేశాను.

మరిదిని బండెక్కించి గురజాల తీసుకెళ్ళారు. పాలోళ్ళు పదిమందీ దారికి అటూ ఇటూ జరిగి బండిని పోనిచ్చారు.